వయసు అడగని కౌంటర్

(చిక్కడపల్లిలో ఒక శనివారం సాయంత్రం విద్యార్థులు, తల్లిదండ్రుల ముందు ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ తమ్ముళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, మీరూ రండి. పక్కన లైబ్రరీలో చదువుకునే పిల్లలు చాలామంది పుస్తకాలు మూసి వచ్చారని చెప్పారు. మీ టైమ్ ఎంత విలువైందో నాకు తెలుసు. అందుకే సుత్తి కొట్టకుండా నేరుగా విషయంలోకి వస్తాను.

పోయిన శనివారం సాయంత్రం ఏడు గంటలకు మా కాలనీ దగ్గర ఒక వైన్స్ ఎదురుగా టీ కొట్టులో కూర్చున్నాను. ఒక టీ తాగాను, రెండో టీ తాగాను, రెండు గంటలు కూర్చున్నాను. వైన్స్ మీకు తెలుసు కదా, ఎలా ఉంటుందో. ముందు ఇనుప గ్రిల్. గ్రిల్‌లో చెయ్యి పట్టేంత సందు. ఆ సందులోంచి చెయ్యి లోపలికి పోతుంది, బయటికి వచ్చేటప్పుడు నల్ల కవర్ వస్తుంది. పక్కనే క్యూఆర్ కోడ్ అట్ట, దాని కింద చిన్న స్పీకర్ డబ్బా. డబ్బులు పడగానే ఆ డబ్బా గట్టిగా అరుస్తుంది, ఇన్ని రూపాయలు అందాయని. రోడ్డు అవతల నాకు కూడా వినపడుతోంది.

ఆ రెండు గంటల్లో కాలేజీ బ్యాగులు వేసుకుని వచ్చిన పిల్లల్ని చూశాను. మెడలో ఐడీ కార్డు ట్యాగు తీసి జేబులో పెట్టుకుని గ్రిల్ దగ్గరికి పోయిన పిల్లాణ్ణి చూశాను. మీసాలు ఇంకా సరిగా రాని పిల్లాడు. వాడు ట్యాగు ఎందుకు తీశాడు? ఎవరైనా అడుగుతారేమోనని లోపల ఎక్కడో భయం ఉంది కాబట్టి తీశాడు. ఆ భయం వాడికి ఉంది. మరి ఎవరైనా అడిగారా? లేదు. రెండు గంటల్లో ఒక్కరినంటే ఒక్కరిని "నీ వయసెంత బాబూ" అని అడగడం నేను చూడలేదు. బ్రాండ్ అడిగారు. క్వార్టరా, హాఫా అని అడిగారు. చల్లగా ఉన్నది కావాలా అని అడిగారు. వయసు మాత్రం అడగలేదు.

మన తెలంగాణలో చట్టం ఏం చెప్తోంది? 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. ఎక్సైజ్ చట్టం, 1968 నాటిది, ఉమ్మడి రాష్ట్రం నుంచి మనకు వచ్చింది. అంటే యాభై ఏళ్లు దాటిన చట్టం. ఆ నిషేధం ఎవరి మీద? అమ్మేవాడి మీద. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. చట్టం ఆ పిల్లాడి చెయ్యి పట్టుకోవడానికి ముందు షాపువాడి చెయ్యి పట్టుకోవాలి. కాగితం మీద వరస అదే. రోడ్డు మీద వరస తారుమారైంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటే.

ఇప్పుడు మీలో కొందరికి ఒక ప్రశ్న వచ్చి ఉంటుంది. కాలేజీల్లో ఎక్కడ మాట్లాడినా నన్ను అడుగుతారు. "మేడం, 18 ఏళ్లకు ఓటు వేయొచ్చు, లైసెన్సు తీసుకోవచ్చు, ప్రభుత్వాన్ని ఎన్నుకోవచ్చు, ఒక బీరు తాగడానికి మాత్రం 21 ఎందుకు?" మంచి ప్రశ్న. కోపంగా కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు.

ఇదే ప్రశ్న అమెరికాలో 1970ల్లో పిల్లలు అడిగారు. అక్కడ 1971లో ఓటు వయసు 18కి తగ్గించారు. ఓటు ఇచ్చాక మందు ఎందుకు ఇవ్వకూడదని చాలా రాష్ట్రాలు తాగే వయసు కూడా తగ్గించాయి. ఏమైంది? ఆ వయసు పిల్లలు రోడ్డు ప్రమాదాల్లో చనిపోవడం పెరిగింది. దాంతో 1984లో అక్కడి కేంద్ర ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. 21 ఏళ్ల నిబంధన పెట్టని రాష్ట్రానికి హైవేల నిధుల్లో కోత పెడతామంది. 1988 నాటికి అన్ని రాష్ట్రాలూ 21కి వచ్చాయి. వచ్చాక ప్రమాదాలు తగ్గాయి. ఎందుకు తగ్గాయి? అక్కడ కౌంటర్ దగ్గర కార్డు అడుగుతారు. మీ అన్నయ్యో అక్కయ్యో అక్కడ ఉంటే ఫోన్ చేసి అడగండి. ముప్పై ఏళ్లవాణ్ణి కూడా కార్డు చూపించమంటారు.

డాక్టర్లు చెప్పేది కూడా వినండి. మన మెదడు పూర్తిగా పక్వానికి వచ్చేసరికి ఇంచుమించు 25 ఏళ్లు పడుతుంది. ముందు వెనకా ఆలోచించి "వద్దు" అని చెప్పే భాగం ఉంది చూడండి, ఆఖరున తయారయ్యేది అదే. మద్యం ముందుగా మొద్దుబార్చేది కూడా ఆ ఆలోచననే. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూటిగా చెప్పింది, ఆరోగ్యానికి హాని లేని మోతాదు అంటూ మద్యంలో లేదని. కాబట్టి 21 అన్నది ఎవరో పెద్దమనిషి మీ మీద అనుమానంతో పెట్టిన అంకె కాదు తమ్ముడూ.

మన దేశంలో ఈ అంకె ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంది, అది కూడా నిజమే. గోవాలో 18. మన దగ్గర 21. కేరళలో 23. ఢిల్లీలో 25. హర్యానా 25 నుంచి 21కి 2021లో తగ్గించుకుంది. బిహార్‌లో, గుజరాత్‌లో అసలుకే నిషేధం. మద్యం రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉంది కాబట్టి ఎవరి లెక్క వారిది. అందుకే గోవా టూర్‌కి పోయిన మన పిల్లాడు "అక్కడ అడగలేదు కదా" అంటాడు. ఇక్కడ కూడా అడగలేదు కదా నాయనా! ఎవరూ అడగని చోట 18 అయితే ఏమిటి, 25 అయితే ఏమిటి?

సరే, ఎందుకు అడగరు? షాపువాడు చెడ్డవాడా? నేను అలా అనను. డబ్బు లెక్క చూద్దాం.

మన రాష్ట్రంలో 2,620 వైన్ షాపులు ఉన్నాయి. రెండేళ్లకోసారి లాటరీ తీసి లైసెన్సులు ఇస్తారు. 2023లో ఒక్కో దరఖాస్తుకు 2 లక్షల రూపాయలు. షాపు వచ్చినా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. గుణించుకోండి, పోటీ పరీక్షలు రాసేవాళ్లు కదా మీరు. 2,600 కోట్లకు పైనే. ఒక్క సీసా అమ్మకముందే, ఒక్క షట్టర్ ఎత్తకముందే. 2025లో దరఖాస్తు రుసుము 3 లక్షలు చేశారు. షాపు దక్కినవాడు ఆ పైన ఏటా లైసెన్సు ఫీజు కట్టాలి. అంత పెట్టుబడి పెట్టినవాడు రెండేళ్లలో తిరిగి రాబట్టుకోవాలి. గ్రిల్ ముందు నిలబడ్డ ప్రతి చెయ్యీ వాడికి వ్యాపారమే. ఆ చేతికి పందొమ్మిదేళ్లా, ఇరవై రెండేళ్లా అని వాడెందుకు చూస్తాడు? చూడకపోతే శిక్ష పడుతుందన్న భయం ఉంటే చూస్తాడు. ఆ భయం లేదు.

భయం పెట్టాల్సింది ఎవరు? ఎక్సైజ్ శాఖ. దాని పూర్తి పేరు మీ పుస్తకాల్లో ఉంటుంది, "మద్య నిషేధ, ఆబ్కారీ శాఖ". మద్యాన్ని అదుపు చేయాల్సిందీ ఆ శాఖే, మద్యం మీద ఖజానాకు ఆదాయం తేవాల్సిందీ ఆ శాఖే. రాష్ట్రంలో హోల్‌సేల్ అమ్మకమంతా ప్రభుత్వ కార్పొరేషన్ చేతిలోనే ఉంది. మద్యం జీఎస్టీలో లేదు, దాని పన్ను పూర్తిగా రాష్ట్రానిదే. నిజాం కాలంలో కూడా అబ్కారీ ఖజానాకు పెద్ద ఆదాయమే. కాలం మారింది, జెండాలు మారాయి, ఆ లెక్క మాత్రం మారలేదు. అక్కడ పనిచేసే ఉద్యోగుల్ని నేను తప్పుపట్టడం లేదు. మంచి అధికారులు నాకు తెలుసు. కానీ సంవత్సరం ఆఖరున వాళ్లను పైనుంచి ఏం అడుగుతారు? అమ్మకం ఎంత అని అడుగుతారు. 21 నిండనివారికి అమ్మిన షాపులు ఎన్ని మూయించావు అని అడగరు. అడగని లెక్క ఎవరూ రాయరు.

ఇప్పుడు ఇంకో పిల్లాడి దగ్గరికి పోదాం. పేరు చెప్పను. డిగ్రీ రెండో సంవత్సరం. 19 ఏళ్లు. తండ్రి ఆటో నడుపుతాడు. ఫ్రెండ్ బర్త్‌డే. నలుగురూ కలిసి వైన్స్‌లో బీర్లు కొన్నారు, పక్కనే పర్మిట్ రూమ్‌లో తాగారు. పర్మిట్ రూమ్ అంటే తెలుసు కదా, షాపు వెనకాల రేకుల షెడ్డు, ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు, పల్లీలు. కాసేపటికి బండి తీశాడు. మెయిన్ రోడ్డు మీద డ్రంక్ అండ్ డ్రైవ్ చెకింగ్. ఊదమన్నారు. మీటర్‌లో 46 వచ్చింది. చట్టం హద్దు 30. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. అంతే, బండి పక్కన పెట్టారు, తాళం తీసుకున్నారు, చీటీ ఇచ్చారు.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్. మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారి అయితే రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. ఇది చలాను కాదు, ఆన్‌లైన్‌లో కట్టేసి మర్చిపోయేది కాదు. కోర్టుకు పోవాలి, జడ్జి ముందు నిలబడాలి. ఇది క్రిమినల్ కేసు. ఈ మాట చాలామంది పిల్లలకు తెలియదు.

దానికి ముందు కౌన్సెలింగ్ ఉంటుంది, గోషామహల్‌లో. ఒక్కడే వస్తే కుదరదు, ఇంటివాళ్లను తీసుకురావాలి. తండ్రి ఆ రోజు ఆటో తీయలేదు. కొడుకు పక్కన కుర్చీలో కూర్చున్నాడు. అక్కడ ప్రమాదాల వీడియోలు చూపిస్తారు, మంచిపనే. ఆ తండ్రి వీడియో చూడలేదు. తల వంచుకుని గంటసేపు తన చేతుల్నే చూసుకున్నాడు. ఆయన జీవితంలో మందు ముట్టలేదు. "మేడం, నేనేం తప్పు చేశాను, నన్నెందుకు కూర్చోబెట్టారు" అని నన్ను అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. షాపువాడు కూర్చోవాల్సిన కుర్చీలో ఆ తండ్రి కూర్చున్నాడు. అందుకే నా దగ్గర జవాబు లేదు.

నేను ఆ పిల్లాణ్ణి అడిగాను. "ఎక్కడ కొన్నావు?" చెప్పాడు. "నీ వయసు అడిగారా?" అన్నాను. వాడు నా ముఖం చూశాడు, ప్రశ్న అర్థం కానట్టు. "ఎవరు మేడం?" అన్నాడు.

ఎవరు మేడం! ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. అడగాల్సినవాడు ఒకడున్నాడని కూడా వాడికి తెలియదు. వాడి బుర్రలో చట్టం అంటే రాత్రి పూట రోడ్డు మీద బ్యారికేడ్ పక్కన నిలబడేది. గ్రిల్ వెనకాల కూడా చట్టం ఉండాలని వాడికి ఎవరూ చెప్పలేదు.

తర్వాత వాడి ఫైల్ చదివాను. మొత్తం చదివాను. మీటర్ రీడింగ్ చీటీ ఉంది. బండి నంబరు ఉంది. వాడి పేరు, తండ్రి పేరు, ఇంటి అడ్రస్, ఆధార్, పుట్టిన తేదీ ఉన్నాయి. పుట్టిన తేదీ ఉంది చూడండి! ఆ తేదీ ప్రకారం వాడికి 21 లేదని ఆ కాగితమే చెప్తోంది. అంటే వాడికి ఎవరో చట్టం తప్పి అమ్మారని ఆ కాగితమే చెప్తోంది. కానీ ఎక్కడ కొన్నాడు అనే మాట ఆ ఫైల్లో ఎక్కడా లేదు. అడగలేదు కాబట్టి రాయలేదు. ఒకే రాత్రి, ఒకే సీసా, రెండు తప్పులు. ఒకదానికి కోర్టు ఉంది, రెండోదానికి కాగితంలో ఒక గడి కూడా లేదు.

కోర్టు జరిమానా వేసింది. ఇంకా నయం, జైలు వేయలేదు. తండ్రి అప్పు చేసి కట్టాడు. ఇక్కడితో అయిపోయిందా? అవలేదు. ఈ హాల్లో ఎంతమందికి అమెరికా పోవాలని ఉంది? చేతులు ఎత్తక్కర్లేదు, మన హైదరాబాద్ సంగతి నాకు తెలుసు. వీసా ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది, ఎప్పుడైనా ఏ నేరానికైనా అరెస్టు అయ్యారా, శిక్ష పడిందా అని. క్షమాభిక్ష దొరికినా సరే చెప్పాలి. అక్కడ ఈ కేసు రాయాలి. దాచి "లేదు" అని రాస్తే అది ఇంకా పెద్ద తప్పు. మద్యం తాగి నడిపిన కేసు ఉంటే అదనంగా వైద్య పరీక్షకు పంపిస్తారు. ఇక్కడే ఉండి గవర్నమెంట్ ఉద్యోగానికి పోతే? అటెస్టేషన్ ఫారంలో కేసుల గురించి అడుగుతారు. మీరు చదువుతున్న పరీక్షల్లో సెలెక్ట్ అయ్యాక మీరే నింపుతారు ఆ ఫారం. ఒక సాయంత్రం తాగిన బీరు ఎన్నేళ్లు వెంట వస్తుందో చూడండి.

ఇదంతా ఎవరికీ దెబ్బ తగలకపోతే. ఎవరైనా చనిపోతే అప్పుడు లెక్క వేరు. పోలీసులు భారతీయ న్యాయ సంహిత 105 కింద కేసు పెడుతున్నారు. పాత ఐపీసీలో 304 రెండో భాగం అనేవాళ్లం. హత్య కాని ప్రాణహరణం. పదేళ్ల వరకు శిక్ష. ఆ వయసు పిల్లలకు పదేళ్లు అంటే అర్థం కాదు. ఇప్పుడు మీకు 20 అనుకోండి, జైలు గేటు దాటి బయటికి వచ్చేసరికి 30.

తాగి బండి నడిపినవాణ్ణి వదిలేయమని నేను అనడం లేదు. దయచేసి నన్ను అలా అర్థం చేసుకోవద్దు. ఆ చెకింగ్ వల్ల ప్రాణాలు నిలుస్తున్నాయి. అర్ధరాత్రి దాకా నిలబడే ఆ కానిస్టేబుళ్లకు నేను దండం పెడతాను. నేననేది ఒకటే, చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాం. నిప్పు దగ్గర ఎవరూ లేరు.

ఆ చెకింగ్ దగ్గర ఇంకొకటి నన్ను బాధపెడుతుంది. కెమెరాలు. ఆడపిల్ల కారు దిగితే చాలు, మైకులు పట్టుకుని మీద పడతారు. మొహానికి చున్నీ అడ్డం పెట్టుకుని ఆ పిల్ల పరుగెత్తుతుంటే ఆ వీడియో రాష్ట్రమంతా తిరుగుతుంది. చట్టం వేసే శిక్ష జరిమానా. ఈ శిక్ష ఏ చట్టంలో ఉంది? 18 ఏళ్ల లోపు పిల్లలైతే బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం వాళ్లెవరో తెలిసేలా చూపించడమే నేరం. ఆ వీడియో మీ ఫోన్‌కి వస్తే పంపకండి. ఎవరింటి పిల్లో అని ఒక్క క్షణం ఆగండి.

ఇంకోటి, మన నగరంలో ఈ బరువు అందరి మీదా ఒకేలా పడదు. బస్తీలో గోడ పక్కన కూర్చుని తాగే పిల్లలు హైదరాబాద్ సిటీ పోలీస్ చట్టం కింద పెట్టీ కేసులో దొరుకుతారు. అది నిజాం కాలం నాటి చట్టం, అప్పటి ఫస్లీ సంవత్సరాల లెక్కలో 1348 నాటిది. అదే వయసు పిల్లలు పెద్ద పబ్‌లో ఏసీ గదిలో తాగితే బౌన్సర్ తలుపు తీస్తాడు. ఇద్దరికీ 21 లేదు. ఒకడు స్టేషన్‌లో, ఒకడు డ్యాన్స్ ఫ్లోర్ మీద.

ఇప్పుడు పెద్దవాళ్లతో ఒక మాట. అమ్మా, అయ్యా, ఇందాకటి నుంచి పిల్లల్ని అన్నాను, షాపులను అన్నాను, ఇప్పుడు మన ఇంటికి వస్తాను.

మన తెలంగాణలో దావత్ లేకుండా ఏ పనీ కాదు. పుట్టినా దావతే, పోయినా దావతే. కల్లు, మందు మన పండుగల్లో, మన దేవుళ్ల దగ్గర, మన చావుల్లో ఉన్నాయి. దాన్ని నేను తీసిపారేయను, నేనూ ఆ ఇళ్లలోనే పెరిగాను. కానీ ఆ దావత్‌లో మేనమామ పన్నెండేళ్ల పిల్లాడి నోట్లో ఒక గుక్క పోస్తాడు. అందరూ నవ్వుతారు. "మగాడయ్యాడు రా" అంటారు. నాన్న పదేళ్ల పిల్లాడి చేతిలో డబ్బులు పెట్టి "ఉరికిపోయి ఒక క్వార్టర్ పట్టుకురా" అంటాడు. షాపువాడు ఇచ్చేస్తాడు, ఫలానా వాళ్ల అబ్బాయి కదా అని.

ఈ రెంటికీ చట్టంలో ఏముందో తెలుసా? 2015 బాలల న్యాయ చట్టం, 77వ సెక్షన్. డాక్టర్ రాసిస్తే తప్ప, 18 ఏళ్ల లోపు పిల్లలకు మద్యం ఇస్తే ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఇవ్వడం అన్నారు, అమ్మడం అని మాత్రమే అనలేదు. ఇచ్చినవాడు మేనమామ అయినా సరే. 78వ సెక్షన్, పిల్లల చేత మద్యం మోయించినా, అమ్మించినా, చేరవేయించినా అదే ఏడేళ్లు, అదే లక్ష. ఎంతమందికి తెలుసు ఈ హాల్లో? నేను మేనమామలందరినీ జైల్లో పెట్టించాలని చెప్పడం లేదు. చట్టం దాన్ని ఎంత పెద్ద తప్పుగా చూస్తోందో చెప్తున్నాను.

చాలా ఏళ్ల కింద, ధూల్‌పేటలో గుడుంబా ఇంకా జోరుగా ఉన్న రోజుల్లో, పదమూడేళ్ల పిల్లాడు ఒకడు దొరికాడు. స్కూలు బ్యాగు. తెరిస్తే పైన గణితం నోట్‌బుక్, దాని కింద గుడుంబా ప్యాకెట్లు. ఒక ప్యాకెట్ పగిలి నోట్‌బుక్ తడిసింది. ఆ పిల్లాడు దొరికినందుకు ఏడవలేదు. హోంవర్క్ తడిసిపోయిందని ఏడ్చాడు. టీచర్ కొడుతుందని. ఆ ప్యాకెట్లు వాడివి కావు, ఆ వ్యాపారం వాడిది కాదు. పెద్దవాళ్లు పిల్లాణ్ణి ఎందుకు పంపారు? బ్యాగు ఉన్న పిల్లాణ్ణి ఎవరూ ఆపరని.

బండి సంగతి కూడా. మైనర్ చేతికి బండి ఇస్తే, వాడు తాగినా తాగకపోయినా, వాడు చేసిన నేరానికి తండ్రికీ బండి ఓనర్‌కీ మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. 2019 సవరణలో 199ఎ అని చేర్చారు. "మా వాడు బాగా నడుపుతాడండీ" అనే తండ్రులు ఇది ఇంటికెళ్లి చదవండి.

ఇందాక లోపలికి వస్తుంటే ఒక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఇవన్నీ ఎందుకమ్మా, మొత్తం బంద్ పెట్టిస్తే పోదా" అంది. ఆమె బాధ నాకు తెలుసు. మన ఆడవాళ్లు ఒకప్పుడు ఆ పని చేసి చూపించారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమెతోపాటు అక్షరాలు నేర్చుకున్న కూలి ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధం పెట్టింది. 1997లో ఎత్తేశారు. ఆ రెండేళ్లలో పక్క రాష్ట్రాల నుంచి దొంగ సరుకు వచ్చింది, నాటుసారా పెరిగింది. మోసింది ఎవరు? పనిలేని కుర్రాళ్లు. బిహార్‌లో 2016 ఏప్రిల్ నుంచి నిషేధం ఉంది. అక్కడ 2022 డిసెంబర్‌లో కల్తీ సారా తాగి ఛప్రా దగ్గర ఎన్ని ఇళ్లలో శవాలు లేచాయో పేపర్లో చదివాం. రోశమ్మ పోరాటం నాకు ప్రాణం. కానీ పెద్దమ్మా, పూర్తిగా బంద్ పెట్టినా దొరికిపోయేది చివరికి ఇలాంటి కుర్రాళ్లే అని నా భయం. నేను అడుగుతున్నది అంతకంటే చాలా చిన్నది. ఉన్న చట్టాన్ని గ్రిల్ దగ్గర అమలు చేయమంటున్నాను.

ఎలా? 21 ఏళ్ల లోపు పిల్లాడు ఎవరైనా తాగి దొరికితే, చెకింగ్‌లో కానీ, పెట్టీ కేసులో కానీ, ఆ కాగితంలో ఒక గడి ఉండాలి. ఎక్కడ కొన్నావు? ఎక్కడ తాగావు? ఆ కాగితం నకలు మర్నాడు పొద్దున ఎక్సైజ్ స్టేషన్‌కి పోవాలి. ఒకే షాపు పేరు మూడుసార్లు వస్తే ఆ లైసెన్సు ఆపేయాలి. షరతులు తప్పిన లైసెన్సును ఆపే అధికారం, రద్దు చేసే అధికారం చట్టంలో ఇప్పటికే ఉంది. కొత్త చట్టం అక్కర్లేదు, అసెంబ్లీ అక్కర్లేదు. ఒక ఫారంలో ఒక గడి. లక్షలు పోసి లాటరీలో తెచ్చుకున్న షాపు పోతుందని తెలిస్తే, గ్రిల్ వెనకాల ఉన్నవాడు రేపటినుంచే కార్డు అడుగుతాడు.

ఈ మాట ఇక్కడ, చిక్కడపల్లిలోనే ఎందుకు చెప్తున్నాను? ఈ హాల్లో గ్రూప్-2 రాసేవాళ్లున్నారు. ఆ నోటిఫికేషన్‌లో ఎక్సైజ్ ఎస్సై పోస్టులు ఉంటాయి కదా? పోలీసు ఉద్యోగాలకు చదివేవాళ్లున్నారు. రేపు ఆ బ్యారికేడ్ పక్కన నిలబడేది మీరే. ఆ షాపు తనిఖీకి పోయేది మీరే. గడి లేకపోతే కాగితం వెనక్కి తిప్పి రాయండి. రాయొద్దని ఏ చట్టమూ చెప్పడం లేదు.

పిల్లల్లో ఎవరికైనా మానలేని అలవాటు అయిపోయి ఉంటే సిగ్గుపడకండి. 14446కి ఫోన్ చేయండి, అది వ్యసన విముక్తి హెల్ప్‌లైన్. టెన్షన్, నిద్ర పట్టకపోవడం, బతకాలని లేకపోవడం ఇలాంటివి ఉంటే టెలీ మానస్, 14416. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఉంది. ఎర్రగడ్డ అంటే నవ్వే అలవాటు మనం మానుకోవాలి.

అడగండి బాబూ, చెయ్యి ఎత్తావు కదా. మైక్ ఇవ్వండి అతనికి.

(ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న: "మేడం, మీరు గడి పెట్టినా వాడు షాపు పేరు చెప్పడు కదా? ఫ్రెండ్ తెచ్చాడు అంటాడు. ఎలా రుజువు చేస్తారు?")

చాలా మంచి ప్రశ్న. నాకూ ఇదే అనుమానం వచ్చింది. ఆ ఆటో అన్న కొడుకును నేనూ అడిగాను, "నువ్వు అక్కడే కొన్నావని రుజువేంటి" అని. వాడు కాసేపు ఆలోచించి ఫోన్ తీశాడు. ఇప్పుడు నగదు ఎవరిస్తున్నారు? స్కాన్ చేశాడు కదా! ఫోన్లో అంతా ఉంది. షాపు పేరు, ఎన్ని రూపాయలు, టైమ్. 8 గంటల 12 నిమిషాలు. మీటర్ చీటీ మీద కూడా టైమ్ ఉంటుంది. 8 గంటల 55 నిమిషాలు. మధ్యలో నలభై మూడు నిమిషాలు. గ్రిల్ నుంచి బ్యారికేడ్ దాకా.

ఆ రెంటినీ ప్రింటు తీసి, వాడి పుట్టిన తేదీ ఉన్న కాగితం జత చేసి, మా ఎక్సైజ్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాను. తీసుకున్నారు, ముద్ర వేసి నకలు ఇచ్చారు. ఏడు వారాలైంది, ఇంకా కబురు లేదు. సోమవారం మళ్లీ వెళ్తున్నాను. తండ్రి ఒప్పుకున్నాకే ఆ నకలు ఇక్కడికి తెచ్చాను, పేర్లు, నంబర్లు కొట్టేశాను. ఫిర్యాదు ఎలా రాయాలో చూడాలనుకున్నవాళ్లు ముందుకు రండి. ఇదిగో, ఈ నీలం ఫైల్లో ఉంది.